కొరత చెప్పుకొని కలం పట్టినవారు

ధర్మపురి నరసింహస్వామి మీద శతకం చెప్పిన శేషప్ప కవి మొదట్లోనే తనకు రానివేమిటో వరసగా చెప్పుకున్నాడు. గణాలు, యతి, ప్రాసల లక్షణం చూడలేదన్నాడు. పంచకావ్యాలు చదవలేదన్నాడు. అమరకోశం మూడు కాండలూ తిరగెయ్యలేదు, శాస్త్రగ్రంథాల జోలికి పోలేదు. స్వామి దయతో రాయడమే తప్ప ఇందులో తన ప్రజ్ఞ ఏమీ లేదని కూడా చేర్చాడు. ఇన్ని ఒప్పుకున్నాక ఆగిపోవాలి కదా, ఆగలేదు. పద్యంలో తప్పుంటే భక్తి తక్కువవుతుందా అని ఎదురడిగి, వంకర తిరిగిన చెరకుకు తీపి పోతుందా అనే పోలికతో ఆ సంగతి అక్కడితో ముగించి, తర్వాతి సీసం ఎత్తుకున్నాడు. ఆ నరసింహ శతకం తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా నోట నిలిచింది.

అతను లెక్కపెట్టిన కొరతల్ని ఒకచోట పేర్చి చూస్తే, ఆనాడు పండితుడనిపించుకోవడానికి ఏమేం కావాలో తెలుస్తుంది. రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం, కిరాతార్జునీయం, శిశుపాలవధ: ఈ అయిదూ గురువు దగ్గర కూర్చుని శ్లోకానికి శ్లోకం చదవాలి. అమరం కంఠతా పట్టాలి. ఛందోగ్రంథాలు తెలియాలి. దానికి ఏళ్లు పడుతుంది; ఆ ఏళ్లపాటు తిండి పెట్టే ఇల్లో, అగ్రహారమో, ఆశ్రయమిచ్చే దొరో ఉండాలి. గోదావరి దక్షిణానికి తిరిగి పారే ధర్మపురి క్షేత్రంలో వేదం చదివినవాళ్లకు కొదవ లేదు. వాళ్ల మధ్య ఉండి ఈ మాట చెప్పుకోవడం వేరు, ఎవరూ చదువుకోని ఊళ్లో చెప్పుకోవడం వేరు.

అయితే ఈ ఒప్పుకోలును అక్షరాలా నమ్మాలా? కావ్యం మొదట్లో కవి తనను తాను తక్కువ చేసుకోవడం పాత ఆచారమే. రఘువంశం ఎత్తుకుంటూ కాళిదాసు తనను ఎత్తైన చెట్టు పండుకు చేతులు చాపే పొట్టివాడితో పోల్చుకున్నాడు. ఇదే గోదావరి ఎగువన, పైఠణ్ ప్రాంతంలో పుట్టిన జ్ఞానేశ్వరుడు 1290లో మరాఠీలో గీతకు వ్యాఖ్య చెబుతూ, ముక్కుతో సముద్రాన్ని కొలవబోయిన చిన్న పిట్టను తలచుకున్నాడు. బమ్మెర పోతన భాగవతం పలికించేది రాముడేనని భారమంతా ఆయన మీద పెట్టాడు. వీళ్లెవరూ చదువు లేనివాళ్లు కారు. కాబట్టి శేషప్ప మాటల్లో ఆచారం పాలు కొంత ఉంది. కానీ కాళిదాసు పోలికతో సరిపెట్టుకున్నాడు. శేషప్ప చదవని పుస్తకాల పేర్లు చెప్పాడు. మర్యాద కోసం తగ్గేవాడు ఇంత వివరంగా తగ్గడు.

ఆ వివరం ఎంత నిజమో అతను ఎంచుకున్న ఛందస్సే చెబుతుంది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఏ అక్షరం గురువు, ఏది లఘువు అన్నది ముందే ఖాయం. పైగా నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు కావాలి. కందం చూడటానికి చిన్నదే, నియమాల్లో మాత్రం వృత్తాల కంటే గడుసుది. సీసానికి ఈ బాధలు లేవు. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు వస్తే చాలు. ఇంద్రగణాల్లో ఆరు రకాలున్నాయి గనుక ఏది కుదిరితే అది పడుతుంది. ప్రాస నియమం లేదు. యతి కుదరని చోట ప్రాసయతి వేసుకోవచ్చు. సీసం కింద వచ్చే తేటగీతికీ ప్రాస అక్కర్లేదు. అందులోనూ నరసింహ శతకంలో తేటగీతి నాలుగు పాదాల్లో చివరి రెండూ మకుటమే. అంటే కవి ప్రతిసారీ కొత్తగా కూర్చవలసింది నాలుగు సీసపాదాలు, రెండు గీతపాదాలు. ప్రాస చూడలేదన్న మనిషి ప్రాస అడగని ఛందస్సు పట్టుకున్నాడు. లక్షణగ్రంథం చదవకపోయినా సీసం నడక అతని చెవికి పట్టి ఉండాలి. గుడి ముందు భజనల్లో, ఆటల్లో, పాటల్లో సీసం వినబడని ఊరు ఆ రోజుల్లో అరుదు.

మకుటం వల్ల మరో మేలు జరిగింది. విన్నవాళ్లు తిరిగి పలకడానికి పద్యమంతా రానక్కర్లేదు. చివరి రెండు పాదాలు పదిమంది గొంతులో ఒక్కసారిగా లేస్తాయి. పంతుల బడుల్లో పిల్లలకు శతకాలు వల్లె వేయించే పద్ధతి ఉండేది గనుక, కొంచెం వాడుక మాటలతో, తేలిక సమాసాలతో ఉన్న ఈ పద్యాలు అక్కడికీ చేరాయి. శేషప్ప పేరు మీద నరహరి శతకం, నృకేసరి శతకం, ధర్మపురి రామాయణమనే యక్షగానం కూడా ఉన్నాయి. యక్షగానమూ ఇలాంటిదే. దరువు, ద్విపద, వచనం కలిపి, చదవడం రాని ప్రేక్షకుడి కోసం కట్టిన రూపం అది.

శతకంలో ఒక పద్యం ఈ కొరతల సంగతికి ఇంకా దగ్గరగా వస్తుంది. బతికినన్నాళ్లూ భజన మానను, కానీ చావు వేళ మరిచిపోతానేమో అంటాడు కవి. యమదూతలు వచ్చి ప్రాణం లాగేటప్పుడు, కఫవాతపిత్తాలు కమ్ముకుని ఒళ్లు వణికేటప్పుడు నోరు పెగులుతుందో లేదో తెలియదు. అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నానంటాడు. రాయడానికి తగిన సమయం కోసం కాచుకుని కూర్చోకపోవడానికి ఇంతకంటే గట్టి కారణం తెలుగు కవిత్వంలో వెతికినా దొరకదు.

ఈ ఉత్తర తెలంగాణ నేలకు వినయం ఒక్కటే వారసత్వమనుకుంటే పొరపాటు. శేషప్పకు ఎన్నో వందల ఏళ్ల ముందు, పదో శతాబ్దం నడుమ, కరీంనగర్‌కు దగ్గరలోని గంగాధర మండలం కురిక్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలో శాసనం చెక్కించాడు. అతని అన్న పంపడు కన్నడ ఆదికవి, వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్నవాడు. శాసనంలో తల్లిదండ్రుల పేర్లున్నాయి, అన్న గొప్పతనం ఉంది, తాను కట్టించిన త్రిభువనతిలక బసది, తవ్వించిన చెరువు, వేయించిన తోట ఉన్నాయి. తగ్గడమన్నది ఎక్కడా లేదు. దొరికినంతలో తెలుగులో తొలి కంద పద్యాలు ఆ రాతి మీదివే. మహాకవి తమ్ముడిగా పుట్టడం కూడా ఒక హద్దే కదా. ఆ పేరును దాచకుండా తన పేరు పక్కనే చెక్కించి జినవల్లభుడు దాన్ని దాటాడు.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి కొరతల స్వభావం మారింది. అప్పటిదాకా అడ్డం సంస్కృతం, ఇక ఉర్దూ. హైదరాబాద్ రాజ్యంలో 1880ల్లో పారశీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే సాగింది. సర్కారు కొలువు కావాలన్నా, పై చదువు కావాలన్నా తెలుగు పిల్లవాడు ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష నేర్వాలి. సభ పెట్టుకోవడానికి ముందస్తు అనుమతి అడిగే గస్తీ ఉత్తర్వులు ఉండేవి. అయినా 1935లో ఆంధ్ర మహాసభ నాలుగో సమావేశం సిరిసిల్లలో జరిగింది. దానికి ఏడాది ముందు, 1934లో, తెలంగాణలో కవులే లేరన్న ఒక మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. అందులో 354 మంది. ఆ సంకలనం గొప్ప ఎంపిక అని ఎవరూ అనలేరు. మంచి పద్యం పక్కనే పేలవమైనదీ ఉంది. ప్రతాపరెడ్డి ఉద్దేశం వేరు: రాసే మనిషి ఊరూ పేరూ ముందు నమోదు కావాలి, తూకం తర్వాత చూసుకోవచ్చు. పద్యాలు రాసి ఇంట్లో పెట్టుకున్న పల్లెటూరి కవులకు అచ్చులో పేరు చూసుకోవడం అదే మొదటిసారి.

ఆ ఉర్దూ చదువు నుంచే సి. నారాయణరెడ్డి వచ్చాడు. 1931 జులై 29న వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో రైతు ఇంట పుట్టాడు. సిరిసిల్ల, కరీంనగర్ బడుల్లో, తర్వాత హైదరాబాద్ కళాశాలల్లో చదువంతా ఉర్దూలోనే. ఊళ్లో విన్న హరికథలు, జానపదాలు, వీధి భాగవతాలు, ఆ తర్వాత గ్రంథాలయాల్లో దొరికిన పుస్తకాలు అతనికి తెలుగు నేర్పాయి. డిగ్రీ దాకా ఉర్దూలో చదివినవాడు తెలుగు ఎం.ఏ. చేసి, ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలు, ప్రయోగాల మీద పరిశోధన రాసి, ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1980లో వచ్చిన విశ్వంభర కావ్యకర్తగా 1988 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్నాడు. అడ్డుగా కనిపించిన ఉర్దూను పక్కకు నెట్టకుండా తెలుగు గజళ్లకు పెట్టుబడి చేసుకున్నాడు. గజల్ కట్టడికి మూలమైన మత్లా, రదీఫ్, కాఫియాల నడక చెవిలో లేకుండా ఆ పని కుదిరేది కాదు. ఏటా పుట్టినరోజుకు ఒక పుస్తకం విడుదల చేయడం అతని అలవాటు. ఆ అలవాటు వల్ల కొన్ని పుస్తకాలు పలచబడ్డాయన్న విమర్శ తోసిపుచ్చదగింది కాదు. గడువు పెట్టుకుని రాసేవాడికి గెలుపూ, పలచదనమూ కలిసే వస్తాయి.

అదే హనుమాజీపేటలో మరో మనిషి ఉండేవాడు: ఒగ్గుకథకుడు మిద్దె రాములు. విశ్వంభర కవికి కలం ఆసరా అయితే, రాములుకు గొంతు, ఒళ్లు, డోలు దెబ్బ. ఒగ్గుకథ రాసుకుని చెప్పేది కాదు. బీరన్న కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ మనసులో ఉంటాయి. కొసరు మాటలు, హాస్యం, ఎత్తుగడ ఆ రాత్రి ఎదురుగా కూర్చున్న జనాన్ని బట్టి పుట్టుకొస్తాయి. అక్షరం పట్టకపోవడం ఇక్కడ కొరతగా లెక్కకు రాదు. ఒక ఊరి నుంచి జ్ఞానపీఠ కవి, ప్రపంచ తెలుగు మహాసభల వేదికెక్కిన ఒగ్గుకథకుడు రావడం యాదృచ్ఛికం కావచ్చు. అయినా ఆ ఇద్దరూ ఎదిగింది ఒకే వాడకట్టు పాటల మధ్య అన్నది గుర్తుంచుకోదగ్గదే.

ఆదిలాబాద్ వైపు కొరత మరొకటి: దూరం. జిల్లా కేంద్రం నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు; నాగపూర్ అంతకంటే దగ్గర. పత్రికాఫీసులు, ముద్రణాలయాలు, సభలు, పొగిడే మిత్రులు, తిట్టే విమర్శకులు అందరూ దక్షిణాన. ఈ దూరంలో సామల సదాశివ ఎనభై ఏళ్లు దాటేదాకా రాశాడు. 1928 మే 11న దహెగాం మండలం తెనుగుపల్లెలో పుట్టాడు, ఉపాధ్యాయుడిగా బతికాడు, 2012 ఆగస్టు 7న కన్నుమూశాడు. తొలిరోజుల్లో పద్యకవి. ప్రభాతం, సాంబశివ శతకం వంటివి ఆ కాలపు రచనలు. తెలుగు పద్యంలో తనకంటే దిట్టలు చాలామంది ఉన్నారు; ఉర్దూ, పారశీ కవిత్వం మూలంలో చదివి, మరాఠీ, హిందీ తెలిసి, వాటి రుచిని తెలుగులో చెప్పగలవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అతని కలం క్రమంగా అటు మళ్లింది. అమ్జద్ రుబాయిల అనువాదానికి 1964లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఉర్దూ సాహిత్య చరిత్ర తెలుగులో రాశాడు.

సంగీతం విషయంలో సదాశివ దారి ఇంకా ఆసక్తికరం. అతను కచేరీలు చేసే గాయకుడు కాడు, వాద్యం పట్టినవాడూ కాడు. వినేవాడు. మహారాష్ట్ర సరిహద్దు జిల్లా కావడం వల్ల హిందుస్తానీ గాలి ఆదిలాబాద్‌కు సహజంగా వీస్తుంది. మిగతాది రేడియో తెచ్చిపెట్టింది. రాగలక్షణ శాస్త్రం రాయడానికి పూనుకుని ఉంటే ఆ పుస్తకం పండితుల ముందు నిలిచేది కాదేమో. అతను ఉస్తాదుల గురించి, ఘరానాల గురించి, ఒక బందిష్ విన్నప్పటి ముచ్చట్ల గురించి, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు రాశాడు. మలయమారుతాలు, సంగీత శిఖరాలు, స్వరలయలు అలా వచ్చినవే. స్వరలయలుకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది, అప్పటికి అతని వయసు ఎనభై మూడు. యాది అతని జ్ఞాపకాల పుస్తకం. అందులో తన గొప్ప తక్కువ, కలిసిన మనుషుల గొప్ప ఎక్కువ. ఆత్మకథ రాసేవాళ్లకు ఇది అంత తేలిగ్గా పట్టుబడే గుణం కాదు.

సదాశివ పద్యం వదిలి వచనంలోకి వస్తే, అప్పట్లో అదే జిల్లాలో ఉన్న గోదావరి ఒడ్డు చెన్నూరులో వానమామలై వరదాచార్యులు పద్యాన్నే పట్టుకున్నాడు. వచన కవిత్వం జోరందుకున్న రోజుల్లో ఆయన పోతన చరిత్రము అనే మహాకావ్యం పద్యాల్లో పూర్తిచేశాడు. కాలానికి ఎదురీదడమే ఇది. పాఠకులు తగ్గుతారని తెలియక కాదు. ఇష్టమైన కవి పోతన, పట్టుబడిన రూపం పద్యం. ఆ రెండూ కలిసిన చోట ఆయన నిలబడ్డాడు. అభినవ పోతన అన్న పేరు ఆయనకు మిగిలింది. హద్దు తెలుసుకోవడమంటే ప్రతిసారీ దారి మార్చుకోవడమే కానక్కర్లేదని ఈ రెండు జీవితాలూ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

డబ్బూ చదువూ ఉన్నవాళ్ల కొరత తీరిక. వంగర పి.వి. నరసింహారావు 1949లో తెలంగాణ పోరాట నేపథ్యంతో గొల్ల రామవ్వ కథ రాశాడు. ఆ తర్వాత మంథని శాసనసభ్యుడు, మంత్రి, ముఖ్యమంత్రి. కథల మనిషి రాజకీయాల్లో మునిగిపోయాడు. సొంత నవలకు కావలసిన ఏకాంతం లేనప్పుడు అనువాదం చేతికొచ్చింది: విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలును సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తెచ్చాడు. అనువాదం రోజుకు కాసేపు కూర్చున్నా ముందుకు సాగుతుంది. ఆపిన వాక్యం దగ్గరే మళ్లీ ఎత్తుకోవచ్చు. ఆ మూలం చరిత్ర దీనికి పూర్తిగా తలకిందులు. విశ్వనాథ వేయిపడగలు 29 రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించాడని ప్రతీతి. ఆ విశ్వనాథే 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చాడు. పి.వి. సొంత నవల ఇన్‌సైడర్ 1998లో, ప్రధాని పదవి దిగిన రెండేళ్లకు, రచయితకు డెబ్బై ఏడో ఏట బయటికొచ్చింది.

1970ల చివర జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు రైతుకూలీ ఉద్యమాలతో మండాయి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే ప్రభుత్వం ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఈ గాలిలో రాసినవాళ్లలో చాలామంది కూలి, చిన్న ఉద్యోగం, చేతిపని మీద బతికినవాళ్లు. బి.ఎస్. రాములు బతుకు పోరు నవల బీడీ కార్మికుల ఇళ్లలోంచి వచ్చింది. ఆదిలాబాద్ అడవుల తునికాకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లకు చేరి, ఆడవాళ్ల ఒళ్లో చాట మీద బీడీ అవుతుంది. కూలి వెయ్యికింత. ఆ లెక్కల మధ్య పెరిగిన మనిషికి వస్తువు కోసం వెతకాల్సిన పని లేదు. దొరకనిది గంటసేపు కదలకుండా కూర్చునే వీలు. మంథని ప్రాంతపు అల్లం రాజయ్య పల్లె మాండలికంలో కథలు, నవలలు రాశాడు. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న గోండుల మీద పోలీసు కాల్పులు జరిగిన రెండేళ్లకు, రచయిత సాహుతో కలిసి కొమురం భీం నవల తెచ్చాడు. ఒకరికి గోండు గూడేలతో ఉన్న చనువు, మరొకరికి కథనంలో ఉన్న నేర్పు ఒకచోట చేరడం ఆ నవలకు బలం. ఒంటి చేత్తో కాని పనిని ఇద్దరు పంచుకోవడం తెలుగు నవలలో అరుదుగా జరిగింది.

జగిత్యాలవాడే అలిశెట్టి ప్రభాకర్. ముందు బొమ్మలు వేసేవాడు, తర్వాత ఫొటోలు. 1976లో జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ, 1979లో కరీంనగర్‌లో స్టూడియో శిల్పి, 1983లో హైదరాబాద్‌లో స్టూడియో చిత్రలేఖ పెట్టాడు. మూడు ఊళ్లు, మూడు స్టూడియోలు. ఏదీ డబ్బు మిగల్చలేదు. క్షయ పట్టుకుంది. ఈ బతుకులో పెద్ద కావ్యానికి చోటు లేదు. అతను నాలుగైదు మాటల పాదాలతో, ఒక్క చూపులో చదివి ముగించగల చిన్న కవితలు రాశాడు. వాటి పక్కన తనే బొమ్మ గీసి పోస్టర్లుగా జనం నడిచే చోట పెట్టాడు. ఎర్రపావురాలు 1978లో, మంటల జెండాలు 1979లో, చురకలు 1981లో, రక్తరేఖ 1985లో వచ్చాయి. ఆంధ్రజ్యోతిలో సిటీలైఫ్ పేరుతో నగరం మీద చిన్న కవితలు ఏళ్లతరబడి రాశాడు.

మినీ కవిత ఆ దశాబ్దపు ఒరవడి కూడా గనుక, అలిశెట్టి క్లుప్తతనంతా రోగానికో, పేదరికానికో అంటగట్టడం న్యాయం కాదు. ఫొటోగ్రాఫర్ కన్ను అందులో ఎక్కువ పనిచేసింది. ఏది చట్రంలో ఉంచాలో, ఏది కోసెయ్యాలో రోజూ తేల్చుకునే వృత్తి అది. కానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషి మంచం మీద పడుకుని కూడా పూర్తిచేయగల రూపం అదొక్కటే అన్నది కూడా వాస్తవం. 1993 జనవరి 12న, తన పుట్టినరోజునే, ముప్పై తొమ్మిదేళ్లకు చనిపోయాడు. మరణానికి ముందటి ఏళ్లలో సంక్షోభ గీతం, సిటీలైఫ్ పుస్తకాలుగా వచ్చాయి.

నారాయణపూర్‌కు చెందిన నలిమెల భాస్కర్ పని మరో రకం. అధ్యాపక ఉద్యోగం చేస్తూనే ఒక్కొక్క భారతీయ భాషా నేర్చుకుంటూ పోయాడు. పునత్తిల్ కుంజబ్దుల్లా మలయాళ నవలకు ఆయన చేసిన తెలుగు అనువాదం స్మారక శిలలు, సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందింది. బడిపుస్తకాల్లో తప్పుగా ఎంచిన తన ఊరి మాటల్ని ఏరి తెలంగాణ పదకోశం కూర్చాడు. కరీంనగర్ యాసలో రాస్తే పత్రికలవాళ్లు దిద్దేవాళ్లన్నది ఒక తరం రచయితలందరి ఫిర్యాదు. ఆ దిద్దుబాటుకు నిఘంటువే జవాబైంది.

ఈ చరిత్రలో అందరికంటే పెద్ద కొరత గోండులది: చదివే లిపి అందుబాటులో లేకపోవడం. ఆదిలాబాద్ రాజ్‌గోండుల పురాణాలు ప్రధాన్‌ల నోట, తోటీల నోట, కింగ్రి తీగల మీద నిలిచాయి. ప్రధాన్‌ల ఇంటి భాష మరాఠీ. దాతలైన గోండుల ఇళ్ల ముందు వాళ్లు పాడేది గోండిలో. తమది కాని భాషలో, పుస్తకం లేకుండా, వంశాల చరిత్ర తప్పకుండా అప్పజెప్పడం వాళ్ల వృత్తి. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కొమురం భీం చనిపోయిన తర్వాత నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. ఆయన ఈ కథల్ని విని రాసుకున్నాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలకు వాచకాలు గోండి భాషలోనే తయారుచేశారు, లిపి మాత్రం దేవనాగరి. తర్వాతి తరానికి బడి తెలుగులోకి మారింది. దాంతో తాత చదివిన వాచకం మనవడికి అక్షరం ముక్క తెలియని కాగితమైంది.

ఈ శతాబ్దం మొదటి దశకంలో నార్నూర్ మండలం గుంజాలలో పాత రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. గోండికి సొంత లిపి ఉందని, ఊళ్లో కొందరు పెద్దలకు అది చదవడం వచ్చని తెలిసింది. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు దాని మీద పనిచేశారు. ఊళ్లో పిల్లలకు ఆ అక్షరాలు నేర్పడం మొదలైంది. కంప్యూటర్‌కు ఫాంటు తయారైంది. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. దానికి ఏడాది ముందే, 1918 ప్రాంతంలో మధ్యప్రదేశ్‌లో మున్షీ మంగళ్‌సింగ్ మసరాం రూపొందించిన మరో గోండి లిపి కూడా యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు గోండిలో కథ రాయదలచుకున్న ఆదిలాబాద్ యువకుడి ముందు నాలుగు లిపులున్నాయి. తెలుగులో రాస్తే పక్క ఊరివాళ్లు చదువుతారు, చంద్రపూర్ గోండులు చదవలేరు. దేవనాగరిలో రాస్తే సరిహద్దు దాటి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ దాకా పోతుంది, తెలుగు బడిలో చదివిన చెల్లెలికి కష్టం. మసరాం లిపికి మధ్యప్రదేశ్ వైపు అభిమానులున్నారు. గుంజాల లిపి తన జిల్లాదే. దాన్ని చదవగలవాళ్లు మిగతా మూడింటి కంటే తక్కువ.